పగిలిన పైపు ఎంత మోస్తుంది?

మా ఇంటి వెనక పొలాల్లో ఒక ఒర్రె ఉంది. ఒర్రె అంటే మా గుడివాడ వైపు వాళ్లకి తెలియకపోవచ్చు. వాగుకి తమ్ముడు, పిల్లకాలవకి అన్న అనుకోండి. ఏడాదిలో ఎనిమిది నెలలు అందులో రాళ్లే గాని నీళ్లుండవు. మా పొరుగు రైతు బోరునీళ్లు అవతలి మడికి తీసుకుపోయే పైపు ఈ గట్టున ఒక రాతిదిమ్మె మీదా, ఆ గట్టున ఒక రాతిదిమ్మె మీదా ఆని, మధ్యలో ఇరవై అడుగుల మేర గాలిలోనే పోతుంది. మూడంగుళాల పాత పైపు. దాని కింద నిలువున్నర లోతు. అడుగున బండరాళ్లు.

పెద్దవాళ్లకి అది పైపే గాని పిల్లలకి అది ఉయ్యాల, వంతెన, గుర్రం. వేసవి సెలవులకు వచ్చిన మా మనవడు రెండో రోజుకే ఆ గుర్రమెక్కడం నేర్చాడు. నలుగురు వరసగా కూర్చుని కాళ్లాడిస్తూ, "ఒకటి, రెండు, మూడు" అని ఒక్కసారిగా ఎగిరి కూలబడడం వాళ్ల ఆట.

వాణ్ణి అన్నానికి పిలవడానికి వెళ్లి, మొదటిసారి ఆ పైపు కిందికి చూశాను. సరిగ్గా నడిమధ్య, రెండు ముక్కలు కలిపి వెల్డింగు చేసిన చోట, పైపు అడుగునుంచి నీటిచుక్క రాలుతోంది. చుక్క తరవాత చుక్క, తొందర లేకుండా. కింద రాళ్ల సందున పచ్చగా గడ్డి మొలిచింది. అంటే అది ఈ వారం కథ కాదన్నమాట.

పిల్లల్ని దింపేశాను. మనవడు మూతి ముడిచాడు. సాయంత్రం రైతు వచ్చాక సంగతి చెప్పాను.

"ఏం గాదు సారూ" అన్నాడాయన. "రెండేండ్ల సంది గట్లనే కారుతున్నది. ఇనుప పైపు గదా, వంగితె వంగుతది గాని ఇరుగుతదా?"

ఆ మాట విని నేను కాసేపు నోరెత్తలేదు. ఎందుకంటే ఆ మాటలో సగం నిజం. ఆ సగం నిజం నా చేత ఒకసారి ఒక కాగితం మీద సంతకం పెట్టించింది. ఆ సంగతి తరవాత చెబుతాను. ముందు రైతు అడిగిన ప్రశ్నే చూద్దాం. పగిలిన పైపుని వంచితే ఎంతవరకు ఓర్చుకుంటుంది? ఎక్కడ తెగుతుంది? నవ్వకండి. ఈ ప్రశ్న మీద ప్రపంచంలో పెద్ద పెద్ద ప్రయోగశాలలు అరవై ఏళ్లుగా పనిచేస్తున్నాయి.

లోహాలు విరగడంలో రెండు జాతులున్నాయి. ఎండు వేపపుల్లని వంచితే టప్పుమని విరుగుతుంది. పచ్చి వేపపుల్లని వంచండి. అది వంగుతుంది, చర్మం చీలుతుంది, పీచు పీచుగా ఊడుతుంది గాని ఒక పట్టాన చేతికి రాదు. గాజు, పోత ఇనుము ఎండుపుల్ల జాతి. పైపులకి వాడే మెత్తని ఉక్కు పచ్చిపుల్ల జాతి. ఐతే ఉక్కు కూడా చలికి, వెల్డింగు లోపాలకి బుద్ధి మార్చుకుని ఎండుపుల్లలా ప్రవర్తించిన రోజులున్నాయి. 1943 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్ రేవులో, గాలివాన ఏమీ లేకుండా, ఆయిల్ తీసుకుపోయే ఒక కొత్త ఓడ నిలబడినచోటే నడుముకి విరిగింది. పేరు షెనెక్టడీ. ఎండుపుల్ల జాతి శాస్త్రం 1921లో ఇంగ్లండులో గ్రిఫిత్ గాజు మీద రాసిన వ్యాసంతో మొదలై, ఇటువంటి ఓడల పుణ్యమా అని పెరిగింది.

మన పైపుది పచ్చిపుల్ల కథ. అది ఇంకా చిక్కైనది. గాజులో పగులు కదిలిందంటే కథ ముగిసినట్టే. ఉక్కులో పగులు కదలడం కథకి మొదలు మాత్రమే.

మీ ఇంట్లో పూరీలకి పిండి కలిపేటప్పుడు అందులో నాలుగు నూకగింజలు పడ్డాయనుకోండి. ఆ ముద్దని రెండు చేతులా పట్టి మెల్లగా సాగదీయండి. మొదట ప్రతి నూకగింజ చుట్టూ చిన్న ఖాళీ ఏర్పడుతుంది. ఇంకా లాగితే ఆ ఖాళీలు కోలగా సాగుతాయి. మరికాస్త లాగితే పక్కపక్క ఖాళీల మధ్య పిండి పొరలా పలచబడి తెగిపోతుంది, రెండు రంధ్రాలు ఒకటవుతాయి. ఉక్కులో జరిగేదీ అచ్చం ఇదే. ఎంత శుభ్రమైన ఉక్కులోనైనా గంధకం, మాంగనీసు కలిసిన సూక్ష్మమైన రేణువులు ఉంటాయి. అవే నూకగింజలు. పగులు మొనముందు లోహం సాగినప్పుడు ఆ రేణువుల చుట్టూ రంధ్రాలు పుట్టి, పెరిగి, ఒకదానితో ఒకటి కలిసి, చివరికి పగులుతో కలుస్తాయి. అప్పుడు పగులు ఒక అడుగు ముందుకు వేసిందన్నమాట. ఇలా రంధ్రాలతో నిండిన లోహం ఎట్లా లొంగుతుందో గర్సన్ అనే ఆయన 1977లో లెక్కకట్టి చెప్పాడు. ఆ లెక్కనే ఇప్పుడు కంప్యూటర్లలో పెట్టి, పైపు చిరుగుని తెరమీద ముందుగానే చూస్తున్నారు.

ఇంకో విశేషం ఉంది. ఇలా తెగడానికి ముందు పగులు మొన మొద్దుబారుతుంది. సూదిగా ఉన్నది గుండ్రబడుతుంది. ఒక మిల్లీమీటరు చిరిగాక, తరవాతి మిల్లీమీటరు చిరగడానికి లోహం ఇంకా ఎక్కువ శ్రమ అడుగుతుంది. అంచేత ఉక్కుపైపులో పగులు కొంత కదిలి మళ్లీ ఆగిపోవచ్చు. బరువు పెంచితే ఇంకొంత కదిలి ఆగవచ్చు. ఎప్పటికి ఆగకుండా పరుగెత్తుతుంది? జీతం నెలనెలా పెరుగుతోంది, ఖర్చూ పెరుగుతోంది అనుకోండి. జీతం పెరిగే వేగాన్ని ఖర్చు పెరిగే వేగం మించినరోజున సంసారం గట్టెక్కదు. పగులు పెరిగేకొద్దీ లోహం చూపే పట్టుదల జీతం, బరువు చేసే ఒత్తిడి ఖర్చు. 1979లో ప్యారిస్ అనే అమెరికన్ ఇంజనీరూ ఆయన సహచరులూ ఈ పోలికని అంకెల్లో పెట్టారు. సంసారం పోలిక మాత్రం నాది లెండి.

సరే, పగులు మొన దగ్గర జరిగేదాన్ని కొలవడం ఎలాగ? అక్కడ లోహమంతా కల్లోలం. కొలబద్ద పెట్టే చోటు కాదు. 1968లో అమెరికాలో జేమ్స్ రైస్ ఒక ఉపాయం చెప్పాడు. రష్యాలో చెరెపనోవ్ అంతకు ఏడాది ముందే దాదాపు అదే చెప్పాడు. జాతరకి ఎంతమంది వచ్చారో గుడి ముందు తొక్కిసలాటలో నిలబడి లెక్కపెట్టలేం గదా. ఊరి పొలిమేర చుట్టూ మనుషుల్ని నిలబెట్టి, లోపలికి పోయేవాళ్లని లెక్కిస్తే సరి. పొలిమేర కొంచెం అవతల గీసినా ఇవతల గీసినా లెక్క ఒకటే. అలాగే పగులు మొన చుట్టూ ఊహలో ఒక గీత గీసి, ఆ గీత దాటి లోపలికి పోయే శక్తిని లెక్కకడితే పగులు మీద ఎంత ఒత్తిడి ఉందో తెలుస్తుంది. దీన్ని జె-ఇంటెగ్రల్ అంటారు. పగులు కదలనంతసేపూ ఈ లెక్క భేషుగ్గా ఉంటుంది. పగులు చిరుగుతూ ముందుకు పోవడం మొదలెట్టాక మాత్రం, వెనక వదిలేసిన లోహం సడలిపోవడంతో పొలిమేర లెక్క తప్పుతుంది.

ఈ చిక్కుముడి దగ్గరే మా గుడివాడ మాట వస్తుంది. చెప్పకుండా ఎలా ఊరుకుంటాను? అట్లూరి సత్యనాధంగారు, బయట అందరూ సత్య అట్లూరి అనేవారు, 1945లో గుడివాడలో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పట్టా పుచ్చుకుని, బెంగుళూరులో చదివి, 1969లో అమెరికాలో ఎం.ఐ.టి.లో డాక్టరేటు తీసుకున్నారు. చాలాకాలం జార్జియా టెక్‌లో ఆచార్యులు. పగులు కదులుతున్నప్పుడు కూడా నిలబడే కొలతగా ఆయనా ఆయన సహచరులూ 1980ల్లో టి-స్టార్ ఇంటెగ్రల్ అనేదాన్ని తయారుచేశారు. ఆ పత్రాలమీద ఆయనతోపాటు పేరున్న బ్రస్ట్ అనే ఆయన తరవాత కొలంబస్ నగరంలోని బాటెల్ సంస్థలో పగిలిన పైపుల బలం లెక్కకట్టే పద్ధతులు రాశాడు. మనవాళ్ల లెక్క పైపులదాకా అలా వచ్చింది. అట్లూరివారికి 2013లో పద్మభూషణ్ ఇచ్చారు. 2023లో పోయారు. నేను ఆయన్ని ఎన్నడూ చూడలేదు. చూసినవాళ్లని చూశాను, అంతే.

ఇప్పుడు నా సంతకం సంగతి.

1984లో నేను ఒక ఫ్యాక్టరీలో తనిఖీ ఇంజనీరుని. పేరు చెప్పను. బాయిలరు నుంచి యంత్రాల షెడ్డుకి ఎనిమిది అంగుళాల ఆవిరిపైపు పోతూ ఉండేది. దాన్ని పైకప్పునుంచి వేలాడదీసిన ఇనుప కొక్కేలలో ఒకటి తెగి, ఆ మేర పైపు కొంచెం దిగబడింది. దిగబడ్డచోటే వెల్డింగు దగ్గర పగులు కనిపించింది. కొలిచాను. చుట్టుకొలతలో ఆరోవంతు.

పుస్తకంలో లెక్క ఉంది. అది ఇప్పటికీ మంచి లెక్కే, మీక్కూడా చెబుతాను. పైపు వంగినప్పుడు కింది అంచు సాగుతుంది, పై అంచు నొక్కుకుంటుంది. పగులు సాగే వైపు ఉంటేనే ప్రమాదం. నొక్కుకునే వైపు ఉంటే పెదవులు మూసుకున్నట్టు మూసుకుపోతుంది. సాగే వైపు ఉన్న పగులు పైపు చుట్టుకొలతలో ఆరోవంతైతే, వంపుని ఓర్చే బలం నూటికి 72 పాళ్లు మిగులుతుంది. నాలుగోవంతైతే 57. మూడోవంతైతే 43. సగం చుట్టూ పగిలితే సగం బలం మిగలాలని గదా మనం అనుకుంటాం? మిగిలేది 21 పాళ్లే. ఎందుకంటే మిగిలిన సగంలోనే ఒక వాటా సాగడానికీ ఒక వాటా నొక్కుకోవడానికీ పోవాలి, పైగా ఆ రెండింటి మధ్య దూరం తగ్గిపోతుంది. తక్కెడ కాడని పొట్టిచేస్తే తూకం ఏమవుతుంది? అదీ అంతే.

ఆరోవంతు పగులు, 72 పాళ్ల బలం. పైపు మీద పడుతున్న వంపు, నేను వేసుకున్న ప్రకారం, సగానికి లోపు. "వచ్చే షట్‌డౌన్ దాకా నడపవచ్చును" అని రాసి సంతకం పెట్టాను. పైవాళ్లు సంతోషించారు.

పదకొండో రోజు రాత్రి డ్యూటీలో ఉన్న ఫిట్టరు వచ్చాడు. ఇరవై రెండేళ్ల కుర్రాడు. "సార్, వెల్డింగు కాడ బుస్సుమంటోందండీ" అన్నాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. "లీకు వచ్చిందంటే మంచిదేనోయ్, పగిలిపోలేదన్నమాట. పొద్దున్న చూద్దాం" అన్నాను. తెల్లవారుజామున వాణ్ణి ఎవరో తెగిన కొక్కేన్ని బిగించి రమ్మని నిచ్చెన ఎక్కించారు. వాడు పైన ఉండగా పైపు చిరిగింది. రెండు చేతులూ మెడా ఆవిరికి ఉడికిపోయాయి. నాలుగు నెలలు ఆస్పత్రిలో ఉన్నాడు.

విచారణలో తేలింది ఏమంటే, నా కూడికల్లో తప్పులేదు. ఆ 72 పాళ్ల లెక్క, మిగిలిన లోహమంతా చివరిదాకా సాగి, ఒక్కసారిగా అలసిపోయేదాకా నిలుస్తుందని నమ్ముకున్న లెక్క. అంత సాగే గుణం పైపు ఉక్కులో ఉందిగాని వెల్డింగు లోహంలో లేదు. అది ఆ బలంలో మూడింట రెండు పాళ్లు కూడా చేరకుండానే చిరగడం మొదలెట్టింది. పైగా నేను కొలిచిన తరవాత పదకొండు రోజుల అదురుకి పగులు పెరిగింది. బుస్సుమన్నది ఆ పెరుగుదలే.

ఆ కుర్రాడు ఇప్పుడు తాత. ప్రతి సంక్రాంతికీ ఫోను చేస్తాడు. ఆ రాత్రి మాట ఎత్తడు. నేనూ ఎత్తను.

తరవాత నాకు పట్టుకుంది ఈ చదువు. అప్పటికి అణువిద్యుత్తు వాళ్లు ఈ విషయాన్ని నాకంటే ఎంతో గట్టిగా పట్టుకున్నారు. రియాక్టరులో వేడినీళ్ల పైపు ఒక్కసారిగా తెగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అంచేత వాళ్లు, పైపు తెగేలోగా తప్పకుండా ముందు లీకు కావాలి, ఆ లీకుని మనం పసిగట్టాలి, పసిగట్టి ఆపేలోగా అది తెగకూడదు అని ఒక నియమం పెట్టుకున్నారు. నేను కుర్చీలో కూర్చుని కుర్రాడికి చెప్పిన మాట ఇదేనని మీకు తోచవచ్చు. కాదు సుమండీ. వాళ్ల మాటలో "ఆపేలోగా" అని ఒక షరతు ఉంది. నా మాటలో లేదు.

ఆ నియమాన్ని రుజువు చేయడానికి వాళ్లు వేసుకునే లెక్క కూడా జాగ్రత్తగా ఉంటుంది. ముందుగా పైపు గోడకి ఆరపారా ఒక పగులుందని ఊహిస్తారు. అది ఎంత పెద్దది? లీకు కనిపెట్టే యంత్రం పట్టుకోగలిగినదానికి పదిరెట్లు కారేటంత పెద్దది. ఆ పగులుకి రెట్టింపు పొడవున్నా, భూకంపం వచ్చి పైపుని వంచినా, చిరుగు పరుగెత్తకూడదు. అమెరికా ప్రభుత్వం వారి నిబంధనలో ఉన్నవి ఈ పదిరెట్లూ, ఈ రెండురెట్లే.

కాగితం మీద లెక్క వేస్తే చాలదని నాకు బాగా తెలుసు గనక, మద్రాసు ప్రయోగాల సంగతి చదివినప్పుడు నాకు ప్రాణం లేచివచ్చింది. మద్రాసంటే ఇప్పటి చెన్నై. అక్కడ తరమణిలో స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ రిసెర్చి సెంటరు ఉంది. బొంబాయిలోని భాభా అణుకేంద్రం వారూ వీరూ కలిసి, మన భారజల రియాక్టర్లలో వాడే కార్బన్ ఉక్కు పైపుల్ని, చిన్న నమూనాలు కాదు, ఎనిమిది నుంచి పదహారు అంగుళాల నిజం పైపుల్నే తెచ్చి విరగ్గొట్టి చూశారు. పద్ధతి వినండి. పైపు నడిమధ్య అడుగున చుట్టూతా కొంత మేర కోత కోస్తారు. ఆ కోత మొన మొద్దుగా ఉంటుంది గనక, పైపుని వేలసార్లు కొద్దికొద్దిగా ఊపి, అసలైన సూది పగులు పుట్టిస్తారు. తరవాత పైపుని రెండు దిమ్మెల మీద పెట్టి, పైనుంచి రెండుచోట్ల జాకీలతో నొక్కుతారు. ఆ రెండు జాకీల మధ్య భాగంలో వంపు అంతటా సమానం. పగులు ఆ భాగంలోనే ఉంటుంది. నొక్కుతూ ఉంటే పగులు నోరు ఎంత తెరిచింది, పైపు ఎంత దిగింది, చిరుగు ఎప్పుడు మొదలైంది, ఎంత పాకింది అని కొలుస్తారు.

అట్లాంటి ప్రయోగాలవల్ల తేలిన సంగతుల్లో నాకు నచ్చినది ఒకటుంది. అదే ఉక్కునుంచి కోసిన చిన్న దళసరి ముక్కని ప్రయోగశాలలో చీల్చితే అది పెళుసుగా కనిపిస్తుంది. అదే ఉక్కు పైపుగా వంగినప్పుడు ఇంకొంచెం ఓర్పు చూపుతుంది. ఎందుకంటే దళసరి ముక్కలో పగులుచుట్టూ లోహం అన్నివైపులా బిగించి ఉంటుంది, సాగడానికి చోటు లేదు. పలచని పైపుగోడకి సాగే స్వేచ్ఛ ఉంది. అంచేత చిన్నముక్క లెక్కతో పైపుకి రూపకల్పన చేస్తే మనం జాగ్రత్తవైపే ఉంటాం.

ఐతే లీకు ముందు వస్తుందనే భరోసా పగుళ్లకేగాని అన్ని జబ్బులకీ కాదు. 2004 ఆగస్టు 9న జపానులో మిహామా విద్యుత్కేంద్రంలో వేడినీళ్ల పైపు ఒకటి హఠాత్తుగా బద్దలై ఐదుగురు చనిపోయారు. దానిలో పగులేమీ లేదు. ప్రవాహం లోపలి గోడని ఏళ్లతరబడి అరగదీసి, పది మిల్లీమీటర్ల దళసరిని బాగా పలచన చేసింది. అంత వెడల్పున పలచబడిన గోడ చుక్కలు కార్చి కబురుపెట్టదు. ఒక్కసారిగా పోతుంది.

మా ఒర్రె మీద పైపుకి పగులూ ఉంది, అరుగుదలా ఉంది. తుప్పు రూపంలో.

మర్నాడు పొద్దున్నే బోరు ఆపించి, ఒక దారం, కాస్త కిరసనాయిలు, కాస్త తడిసున్నం పట్టుకుని వెళ్లాను. "రిటైరైనా ఈ పైపుల పిచ్చి వదల్లేదు" అని మా ఆవిడ వెనకనుంచి అంటూనే ఉంది. ఇది పాత వర్క్‌షాపు చిట్కా. పగులున్నచోట కిరసనాయిలు రాసి, అది లోపలికి ఇంకేదాకా ఆగి, పైన శుభ్రంగా తుడిచి, సున్నం పూసి ఆరనివ్వాలి. పగుల్లో దాక్కున్న కిరసనాయిలు సున్నంలోకి ఊరి, పగులు ఎంతదాకా ఉందో నల్లగా గీత గీసి చూపిస్తుంది. చుక్క రాలుతున్నది అంగుళం మేర. సున్నం మీద వచ్చిన గీత దారంతో కొలిస్తే రెండు ముప్పావు అంగుళాలు. పైపు చుట్టుకొలత పదకొండు. అంటే నాలుగోవంతు.

గోడ దళసరి ఎంత? అదే పైపునుంచి పూర్వం కోసిన ముక్క ఒకటి రైతు కొట్టంలో పడి ఉంటే కాలిపర్సుతో కొలిచాను. కొత్తప్పుడు నాలుగు మిల్లీమీటర్లుండాలి. తుప్పు పోగా రెండు.

గట్టుమీద కూర్చుని సిగరెట్టు పెట్టె అట్ట మీద లెక్క వేశాను. పెట్టె రైతుది, నేను మానేసి చాలాకాలమైంది. పగులు లేకపోతే, తుప్పు పట్టిన ఈ పైపు ఓర్చే వంపు సుమారు 445 కిలోగ్రాము-మీటర్లు. పగులు నాలుగోవంతు గనక అందులో 57 పాళ్లు, అంటే 250. ఇరవై అడుగుల మేర పైపు బరువూ, అందులో నీళ్ల బరువూ కలిసి వేసే వంపు 58. నాలుగు రెట్లకు పైగా బలం మిగిలి ఉంది. అంటే రైతు అన్నది నిజమే. రెండేళ్లుగా ఏం గాలేదు, ఇంకో రెండేళ్లు కూడా ఏం గాకపోవచ్చు. నీళ్లకోసమైతే.

ముప్పయ్యేసి కిలోల పిల్లలు నలుగురు నడుమ కూర్చుంటే ఇంకో 180. మొత్తం 238.

ఓర్చేది 250. పడేది 238. వాళ్లు కదలకుండా కూర్చుంటే. ఎగిరి కూలబడితే ఎంతో నేను వెయ్యలేదు. వెల్డింగు ఎటువంటిదో తెలియకుండా ఆ 250 నైనా ఎంతవరకు నమ్మాలో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

అట్ట రైతుకి చూపించాను. ఆయన అంకెలు చూడలేదు, నా మొహం చూశాడు. "పిల్లలు గూసుంటరని నాకు ఎరుక లేదు సారూ" అన్నాడు. కాసేపాగి, "నువ్వు చెప్పినట్టు పలుగు మీద దిక్కు ఉంటె మూసుకుంటదన్నవు గదా. మరి పైపు సగం తిప్పి పెడితే?" అన్నాడు.

మీరే చెప్పండి, ఇంజనీరింగు కాలేజీలో ఈ మాట అన్నవాడికి ఎన్ని మార్కులివ్వాలి? సిద్ధాంతం ప్రకారం ఆయన చెప్పింది అక్షరాలా సరైనది. కాని తుప్పుపట్టిన పైపుని తిప్పబోతే మొదటి మెలికకే ఆ పగులు ఇంకో దారి చూసుకుంటుందని చెప్పాను. ఆయన ఒప్పుకున్నాడు. ఆ పూటే తుమ్మకంప తెచ్చి రెండు గట్లమీదా పైపు మొదట్లో కట్టాడు. "ఎక్కుర్రి బిడ్డా, చూస్త" అని పిల్లలతో ఒక మాట అన్నాడు. దానికి తుమ్మకంప అక్కర్లేకపోయింది.

వారం రోజులకి కొత్త పైపు వచ్చింది. ఈమధ్య మా దిక్కున పైపులకేం కొదవ? గోదావరి నీళ్లు దేవాదుల నుంచి ఇక్కడికి దగ్గర్లోని ఘన్‌పూర్ రిజర్వాయరుకి మూడు మీటర్ల వ్యాసమున్న ఉక్కు పైపుల్లో వస్తున్నాయి. భూమిలో పూడ్చిన అంతంత పైపుని కూడా నేల ఒకచోట కుంగి ఒకచోట కుంగకపోతే వంపు పట్టి పీడిస్తుంది. మా మూడంగుళాల పైపుకి మాత్రం మధ్యలో ఒక రాతిదిమ్మె అదనంగా కట్టించాం. ఇరవై అడుగులు పదులు రెండైతే వంపు నాలుగోవంతుకి పడిపోతుంది. ఆ దిమ్మె సిమెంటు ఖర్చు నేను పెట్టుకున్నాను.

పాత పైపుని వెల్డింగు మేస్త్రీ గ్యాసుతో కోసి దించాడు. పగులున్న ముక్క నాకు కావాలన్నాను. ఇంటికి తెచ్చి రంపంతో అటూ ఇటూ కోసి, పగులుదగ్గర విప్పి చూశాను. ఇంతకాలం పనిచేసినవాడికి పగులు లోపలి మొహం ఒక ఉత్తరం లాంటిది. పాతగా చిరిగినచోట నల్లటి తుప్పు, తరవాత చిరిగినచోట ఎర్రటి తుప్పు. అంచున ఒక సన్నని మేర తుప్పు ఇంకా పసుపు రంగులోనే ఉంది. అంటే కొత్తది. వేసవి సెలవులనాటిదని నేను ప్రమాణం చెయ్యలేను.

ఇంకొకటి కూడా కనిపించింది. సున్నం గీత చూపించింది గోడకి బయటివైపు పగులు పొడవు. లోపలివైపు అది మూడున్నర అంగుళాలకు పైగా పాకింది, చుట్టుకొలతలో మూడోవంతు. చివరల్లో బయటికి రాలేదు గనక సున్నానికి చిక్కలేదు. మూడోవంతు పూర్తిగా పగిలి ఉంటే ఓర్చేది 250 కాదు, 190. చివరల్లో గోడ కొంత మిగిలి ఉంది గనక అసలు అంకె ఆ రెంటికీ మధ్య ఎక్కడో ఉండాలి. 238కి అవతలనా, ఇవతలనా?

ఆ ముక్క నా బల్లమీద ఉంది. నిన్న మనవడు దాన్ని తిప్పితిప్పి చూసి, "తాతా, కొత్త పైపుకి మధ్యలో దిమ్మె కూడా కట్టారు గదా, ఇప్పుడు ఎక్కొచ్చా?" అని అడిగాడు.

లెక్క ప్రకారం ఎక్కవచ్చు. పదిమందీ ఎక్కవచ్చు. తుమ్మకంప మాత్రం ఇంకా తియ్యలేదు.